స్నేహితుల సిట్టింగు: వయసుతో మారే తీరు

స్నేహితులు ఒకచోట చేరి మద్యం తాగే అలవాటు చాలా సమాజాల్లో ఉంది. తెలుగునాట దాన్ని సిట్టింగు అనో మందు పార్టీ అనో అంటారు. తెలంగాణలో దావత్ అంటే విందుతో పాటు ఇదీ కలిసే వస్తుంది. ఒంటరిగా తాగేవాడి అలవాటును అతని మనసుతోనో జబ్బుతోనో ముడిపెట్టి వివరించడం పరిపాటి. గుంపుగా తాగేవాళ్ల విషయంలో అది కుదరదు. ఏది తాగాలి, ఎంత తాగాలి, ఎప్పుడు లేవాలి అన్నవి చాలావరకు గుంపే తేలుస్తుంది. అందుకే పాతికేళ్లప్పుడూ యాభై ఏళ్లప్పుడూ అదే నలుగురు కూర్చున్నా ఆ రెండు సిట్టింగులకు పోలిక తక్కువ. సీసా కన్నా ముందు జేబు మారుతుంది, కూర్చునే చోటు మారుతుంది, ఇంటికి చేరాల్సిన వేళ మారుతుంది. ఈ వ్యాసం ప్రధానంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని మగవాళ్ల స్నేహ బృందాల గురించి. పోల్చి చూడాల్సిన చోట ఇతర దేశాల సంగతులు వస్తాయి. వ్యసనంగా ముదిరిన తాగుడు వేరే అంశమే అయినా, రెండింటికీ మధ్య గీత చాలామంది అనుకున్నంత స్పష్టంగా ఉండదు.

పెగ్గు లెక్క, గ్రాముల లెక్క

సిట్టింగులో లెక్క పెగ్గుల్లో, క్వార్టర్లలో నడుస్తుంది. వైద్యుల లెక్క గ్రాముల్లో ఉంటుంది. మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ముల్లో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాలు ఉంటుంది. ఆ ప్రకారం 30 మి.లీ. చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాలు, 60 మి.లీ. పెద్ద పెగ్గులో సుమారు 20 గ్రాములు ఉంటాయి. 180 మి.లీ. క్వార్టర్ సీసా మొత్తం కలిపితే 60 గ్రాములు కొద్దిగా దాటుతుంది. 7 శాతం ఆల్కహాలున్న 650 మి.లీ. స్ట్రాంగ్ బీరులో సుమారు 36 గ్రాములు, అంటే మూడున్నర చిన్న పెగ్గులు. "బీరే కదా" అని తీసిపారేసే సీసా సంగతి ఇది.

ఒకే విడతలో 60 గ్రాములో అంతకు మించో తాగడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిక మోతాదు తాగుడు కింద లెక్కిస్తుంది. "తలా ఒక క్వార్టర్" అన్నది మన సిట్టింగుల్లో ఎవరూ తాగుబోతుతనం కింద జమకట్టని పద్దు. ఆ సంస్థ కొలత ప్రకారం మాత్రం అది సరిగ్గా ఆ గీత మీదే పడుతుంది. పాతికేళ్లవాడు ఆ గీత దాటి మర్నాడు పొద్దున్నే క్రికెట్ ఆడగలడు. నలభై అయిదేళ్లవాడికి అదే క్వార్టర్ రెండు రోజుల తలనొప్పి. కొలత మారకపోయినా ఫలితం మారుతుంది.

బ్రిటన్ గీత, భారతదేశం గీత

వయసుతో తాగుడు ఎలా మారుతుందో తేల్చడానికి, ఏళ్ల తరబడి ఒకే మనుషులను వెంబడించి అడగడం మంచి పద్ధతి. బ్రిటన్‌లో అలాంటి తొమ్మిది అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ 2015లో వెలువడింది. అక్కడి మగవాళ్లలో సగటు తాగుడు కౌమారంలో వేగంగా పెరిగి, 25 ఏళ్ల ప్రాంతంలో వారానికి 20 యూనిట్ల దగ్గర శిఖరాన్ని తాకింది. అక్కడ యూనిట్ అంటే 8 గ్రాములు. ఆ తరవాత తగ్గి, నడివయసంతా ఒక స్థాయిలో నిలకడగా ఉండి, అరవై దాటాక మళ్లీ దిగింది. ఆడవాళ్ల గీత కూడా ఇదే ఆకారంలో, చాలా తక్కువ ఎత్తులో ఉంది. మరొక సంగతి కూడా బయటపడింది. వయసు పెరిగే కొద్దీ ఒక్కసారి తాగే మోతాదు తగ్గినా తాగే రోజులు పెరుగుతాయి. కుర్రతనంలో వారాంతపు వరద, పెద్దతనంలో రోజూ ఒక గ్లాసు.

మన దేశంలో చిత్రం వేరుగా ఉంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం 15 ఏళ్లు నిండిన మగవాళ్లలో మద్యం తాగేవాళ్లు దేశం మొత్తం మీద 18.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం, తెలంగాణలో 43.3 శాతం. తాగేవాళ్ల నిష్పత్తి టీనేజీలో చాలా తక్కువగా మొదలై, ముప్పై అయిదు, నలభైల దాకా పెరుగుతూనే పోతుంది. బ్రిటన్ అధ్యయనం కొలిచింది మోతాదును, ఈ సర్వే కొలిచింది తాగేవాళ్ల సంఖ్యను. కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి అంకెకు అంకె పోల్చకూడదు. అయినా ఒక తేడా దాచినా దాగదు. అక్కడ పెళ్లి, పిల్లలు, ఉద్యోగం కుర్రవాణ్ని గుంపు నుంచి ఇంటికి లాక్కొస్తాయి. ఇక్కడ ఆ ఉద్యోగమే మొదటిసారి డబ్బును, పెద్దరికాన్ని, "అడిగేవాడెవడు" అన్న ధీమాను ఇచ్చి సిట్టింగుకు కూర్చోబెడుతుంది. అక్కడ తాగుడును తగ్గించేది బాధ్యత అయితే, ఇక్కడ ఎక్కువగా తగ్గించేది ల్యాబు రిపోర్టు.

మొదటి దశ: చాటు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మద్యం కొనడానికి చట్టప్రకారం 21 ఏళ్లు నిండాలి. మొదటి గ్లాసు చాలామందికి అంతకంటే ముందే, హాస్టల్ గదిలోనో, ఊరి బయట చెరువు గట్టు మీదో, అద్దె రూముల్లోనో అందుతుంది. ఈ దశలో అన్నింటికన్నా ముఖ్యమైనది చాటు. కొనేవాడు ఒకడు, డబ్బులు పోగుచేసేవాడు మరొకడు, వాసన పోవడానికి వక్కపొడి, యాలకులు తెచ్చేవాడు ఇంకొకడు. తలా కొంత వేసుకుని కొన్న సీసా కాబట్టి మిగల్చడం ఉండదు. నంజుకోవడానికి పల్లీలు, మిక్స్చరు, చిప్సు ప్యాకెట్లు. డబ్బు తక్కువ కాబట్టి తిండి తక్కువ, తిండి తక్కువ కాబట్టి మత్తు ఎక్కువ. ఖాళీ కడుపులోంచి ఆల్కహాలు చిన్నపేగులోకి త్వరగా దిగి రక్తంలోకి వేగంగా చేరుతుంది. వాంతులు చేసుకునే మిత్రుణ్ని పట్టుకోవడం, మర్నాడు అతని మీద జోకులు వేయడం ఈ వయసు సిట్టింగులో భాగమే.

గోవాలో చట్టబద్ధమైన వయసు 18. అక్కడికి పోవడం కాలేజీ గుంపుల్లో తప్పనిసరి యాత్రగా మారడానికి సముద్రం ఒక్కటే కారణం కాదు. 2018లో వచ్చిన తరుణ్ భాస్కర్ సినిమా 'ఈ నగరానికి ఏమైంది'లో నలుగురు స్నేహితులు తాగిన మైకంలోనే గోవా చేరుకుంటారు. 2023లో మళ్లీ విడుదల చేస్తే కుర్రకారు థియేటర్లు నింపారు. 1953 నాటి 'దేవదాసు'లో తాగుడు ఒంటరివాడి విషాదం. అరవై అయిదేళ్లు గడిచేసరికి తెర మీద అది స్నేహితుల బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

గుంపు ఎలా తాగిస్తుంది

అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణ ఆరోగ్య అధ్యయనంలో 1971 నుంచి 2003 వరకు నమోదైన 12,067 మంది వివరాలను పరిశీలించి, తాగుడు స్నేహాల గొలుసులో ఎలా పాకుతుందో 2010లో ఒక పరిశోధక బృందం ప్రకటించింది. నేరుగా పరిచయమున్న వ్యక్తి బాగా తాగేవాడైతే తానూ బాగా తాగే అవకాశం 50 శాతం ఎక్కువ. ఆ వ్యక్తి తాలూకు పరిచయస్తుడు తాగేవాడైనా 36 శాతం, మూడో మెట్టులో 15 శాతం ఎక్కువ. తాగకపోవడం కూడా ఇలాగే అంటుకుంటుందని అదే పరిశోధన చెప్పింది. ఒకే రకం మనుషులు ఒకచోట చేరడం వల్ల ఈ పోలిక ఎంత, ఒకరి వల్ల ఒకరు మారడం వల్ల ఎంత అన్న వాదం మీద తరవాత చాలా చర్చ జరిగింది. బల్ల దగ్గర కూర్చున్నవాడికి మాత్రం ఆ చర్చ కన్నా ఎదుటి గ్లాసు వేగమే లెక్క.

వేగం సంగతి బ్రిటన్ ప్రభుత్వానికి వందేళ్ల కిందటే తెలుసు. అక్కడి పబ్బుల్లో వంతులవారీగా ఒకరు అందరికీ కొనిపెట్టే ఆచారం ఉంది. ఆరుగురు కూర్చుంటే ఆరు వంతులు తిరగాల్సిందే, నెమ్మదిగా తాగేవాడు వేగంగా తాగేవాడితో సమానం కావాల్సిందే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1915లో, ఒకరు మరొకరికి మద్యం కొనిపెట్టడాన్నే అక్కడ నిషేధించారు. మన సిట్టింగులో వంతుల పద్ధతి లేదు. పోసే పని ఒకడు తీసుకుంటాడు. అందరి గ్లాసులు ఒకేసారి నింపి, ఒకేసారి ఖాళీ చేయించే ఆ పోసేవాడే నిజానికి వేగాన్ని నిర్ణయిస్తాడు. వయసు మీదపడ్డ బృందాల్లో "ఎవరిది వాళ్లు పోసుకోండి" అన్న మాట ఎప్పుడు వినబడుతుందో అప్పుడే మోతాదు పడిపోతుంది. మానేయమని చెప్పే వంద ఉపన్యాసాల కన్నా ఈ చిన్న మార్పుకు బలం ఎక్కువ.

ముప్పైలు, నలభైలు

ముప్పైల్లో బృందం చెదురుతుంది. ఒకడు బెంగళూరులో, ఒకడు డల్లాస్‌లో, ఒకడు సొంతూరిలో. వారం వారం జరిగిన సిట్టింగు సంక్రాంతికో, దసరాకో, ఎవరి పెళ్లికో పరిమితమవుతుంది. ఊళ్లో ఉన్నవాళ్లకు కొత్త బృందం ఆఫీసులోనో, వ్యాపారంలోనో, అపార్ట్‌మెంటులోనో ఏర్పడుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. పాత స్నేహితులు ఏడాదికి ఒకసారి కలిస్తే ఆ రాత్రి ఇరవైల నాటి మోతాదుకు తిరిగి పోతారు, శరీరం మాత్రం పోదు. పండగల తరవాత ఆస్పత్రులకు వచ్చే కడుపునొప్పి, పాంక్రియాస్ వాపు, గుండెదడ కేసుల్లో ఈ కలయికల పాలు చిన్నది కాదు. రోజూ తాగని మనిషి సెలవుల్లో ఒక్కసారిగా ఎక్కువ తాగినప్పుడు గుండె లయ తప్పడం వైద్యులకు బాగా తెలిసిన పరిస్థితి.

బండి ఈ దశలో పెద్ద అంశం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉండి వాహనం నడిపితే నేరం. 2019 సవరణ తరవాత మొదటి తప్పుకు 10,000 రూపాయల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు. హైదరాబాద్‌లో వారాంతపు డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలు బాగా పెరిగాక సిట్టింగులు బార్ల నుంచి ఫ్లాట్లకు, ఫాంహౌసులకు కొంతవరకు తరలాయి. తాగని మిత్రుడికి మొదటిసారి విలువ పెరిగింది. ఇరవైల్లో "వీడొకడు" అని పక్కన పెట్టినవాడిని ముప్పైల్లో తాళాలిచ్చి మరీ పిలుస్తారు.

నలభైల్లో జేబు నిండుతుంది. బ్రాండు పైకి వెళ్తుంది, సోడా బదులు ఐసు ముక్కలు వస్తాయి, సింగిల్ మాల్ట్ గురించి పాఠాలు చెప్పేవాడు ప్రతి బల్లకూ ఒకడు తయారవుతాడు. విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా 2 లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చన్న నియమం ఈ వయసు బృందాలకు కంఠతా వచ్చు. తిండి కూడా మారుతుంది. పల్లీల స్థానంలో అపోలో ఫిష్, నాటుకోడి వేపుడు, మటన్ కీమా. గ్లాసు మోతాదు తగ్గినా ప్లేటు బరువు పెరుగుతుంది. సిట్టింగు తగ్గించానని చెప్పుకునేవాడి పొట్ట తగ్గకపోవడానికి కారణం ఇదే. మాటల్లోనూ తేడా వస్తుంది. ఇరవైల్లో అమ్మాయిలు, సినిమాలు. నలభైల్లో ప్లాటు ధరలు, పిల్లల ఇంటర్ మార్కులు, యాభైకి దగ్గరవుతుంటే ఎవరికి స్టెంట్ పడిందన్న వార్త.

ఒంట్లో ఏం మారుతుంది

ఆల్కహాలు నీళ్లలో కలిసి ఒంట్లో పరుచుకుంటుంది. వయసు పెరిగే కొద్దీ కండ తగ్గి కొవ్వు పెరుగుతుంది, ఒంట్లో నీటి పాలు తగ్గుతుంది. కాబట్టి అదే పెగ్గుకు రక్తంలో ఆల్కహాలు పాలు ఇదివరకటి కన్నా పైకి పోతుంది. కాలేయం దాన్ని ఎసిటాల్డిహైడుగా, తరవాత ఎసిటేటుగా మారుస్తుంది. గంటకు సుమారు ఒక చిన్న పెగ్గు ఆ పనికి సరిపడే వేగం. నీళ్లు తాగినా, నిమ్మరసం పిండుకున్నా, చన్నీళ్ల స్నానం చేసినా ఈ వేగం పెరగదు. నిద్ర సంగతి మరీ మోసం. త్వరగా పట్టిస్తుంది, తెల్లవారుజామున మూడింటికి లేపి కూర్చోబెడుతుంది.

మందుల డబ్బా చేరాక చిక్కు ముదురుతుంది. ఇన్సులిన్ లేదా కొన్ని రకాల షుగరు మాత్రలు వాడేవాళ్లు తిండి లేకుండా తాగితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆ స్థితిలో తూలడం, తడబడటం చూసి మిత్రులు "ఎక్కింది" అనుకుని పడుకోబెట్టేస్తే ప్రాణం మీదికి వస్తుంది. నిద్రమాత్రలతో కలిస్తే శ్వాస మందగిస్తుంది. రక్తం పలచబరిచే మందులు తీసుకునేవాళ్లకు రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. బీపీ ఆల్కహాలు వల్ల పెరుగుతుంది కాబట్టి మాత్ర వేసుకుంటూ తాగేవాడు ఒక చేత్తో కట్టింది ఇంకో చేత్తో కూల్చుకుంటాడు. గుండెకు కాస్త మంచిదన్న పాత నమ్మకం మీద పరిశోధకుల అనుమానాలు బలపడ్డాయి. జబ్బుచేసి మానేసినవాళ్లను "తాగనివాళ్ల" లెక్కలో కలిపినందువల్లే కొద్దిగా తాగేవాళ్లు ఆరోగ్యవంతుల్లా కనిపించారన్నది ఆ విమర్శల్లో ప్రధానమైంది. ఆరోగ్యానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది.

మానడానికి మర్యాదైన దారులు

తెలుగు స్నేహ బృందాల్లో "నాకొద్దు" అన్న మాట చెల్లదు, కారణం చూపాలి. వయసును బట్టి ఆ కారణాలు మారుతాయి. ఇంట్లో తెలిస్తే చంపేస్తారు, రేపు ఇంటర్వ్యూ ఉంది, బండి నడపాలి, యాంటీబయాటిక్ కోర్సు నడుస్తోంది, చివరికి షుగరు. వీటన్నిటిలో ఎవరూ ఎదురు చెప్పనిది అయ్యప్ప మాల. కార్తీకం నుంచి సంక్రాంతి లోపు 41 రోజుల దీక్షలో ఉన్నవాణ్ని "స్వామీ" అనే పిలుస్తారు, గ్లాసు అతని వైపు జరపరు. శ్రావణం, కార్తీకం నెలల్లో మాంసం, మందు మానే ఇళ్లూ ఉన్నాయి. ఏటా ఆరువారాల విరామం శరీరానికి మేలే. మాల తీసిన వారంలో పాత బాకీ తీర్చుకునే సిట్టింగు పెట్టుకుంటే ఆ మేలు చాలావరకు కొట్టుకుపోతుంది.

ఒక హెచ్చరిక ఇక్కడ అవసరం. రోజూ బాగా తాగే మనిషి మాల కోసమో, మాట కోసమో ఒక్కరోజులో ఆపేస్తే చేతులు వణకడం, చెమటలు, నిద్రలేమి మొదలై, రెండు మూడు రోజుల్లో మూర్ఛలు, లేనివి కనిపించే సంధి ప్రేలాపన దాకా పోవచ్చు. అది భక్తి లోపమో మనోబలం లోపమో కాదు. ఆస్పత్రిలో చేర్చాల్సిన అత్యవసరం.

కల్లు మండువా లెక్క వేరు

తెలంగాణ పల్లెల్లో తాటికల్లు, ఈతకల్లు తాగే తీరు సీసా మందు తీరుకు భిన్నంగా నడిచింది. చెట్టు మీద నుంచి దించిన వేళకు తియ్యగా ఉండేది, ఎండ ఎక్కేకొద్దీ పులిసి ఘాటెక్కుతుంది. మండువాలో వయసుల వారీ బల్లలు ఉండవు. తాత, కొడుకు, పొలంలో కలిసి పనిచేసే ఆడవాళ్లు ఒకే నీడన కూర్చోవడం వింత కాదు. తెలంగాణలో మద్యం తాగే స్త్రీలు 6.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.5 శాతం అన్న తేడాకు కల్లు ఒక ముఖ్య కారణం. పెద్దల ఎదుటే మొదలైన అలవాటుకు చాటు అవసరం లేదు, కాబట్టి గబగబా తాగి ముగించే తొందర కూడా తక్కువ. అయితే దీన్ని మరీ అమాయకంగా చిత్రించకూడదు. చెట్టు కల్లు చాలనిచోట క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్ లాంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు తరాల తరబడి కూలి జనాన్ని పీల్చింది.

గల్ఫ్, అమెరికా

నిజామాబాద్, జగిత్యాల, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లలో కొందరి జీవితం మద్యనిషేధమున్న కువైట్, సౌదీల్లో ఏళ్ల తరబడి గడుస్తుంది. సెలవు మీద ఊరికి వచ్చిన నెల మాత్రం దావత్‌ల నెల. పిలిచినవాడే ఖర్చు పెట్టాలి, గల్ఫ్ వాడు అయితే మరీ పెట్టాలి. వయసుతో తగ్గాల్సిన మోతాదు ఇక్కడ సెలవు దినాల లెక్కతో పెరిగి తగ్గుతుంటుంది. అమెరికా తెలుగువాళ్ల సంగతి తలకిందులు. సీసా చవక, దొరకడం తేలిక, ఇల్లు విశాలం. కుటుంబాలన్నీ తలా ఒక వంటకం తెచ్చుకుని ఒకే ఇంట్లో చేరతాయి, మగవాళ్లు గరాజులోనో బేస్‌మెంటులోనో కూర్చుంటారు, పిల్లలు పైగదిలో ఆడుకుంటారు. భార్యాబిడ్డలు అదే కప్పు కింద ఉన్నప్పుడు సిట్టింగు పదకొండుకు ముగుస్తుంది. బ్రిటన్ గీతలో కనిపించిన తగ్గుదల తెలుగువాళ్లలో ఎక్కడైనా తేటగా కనిపిస్తుందంటే ఈ ఇళ్లలోనే.

మరికొన్ని దేశాల బల్లలు

స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో చిన్ననాడు కుదిరిన స్నేహ బృందం చాలామందికి జీవితాంతం సాగుతుంది. సాయంత్రాలు ఒక బారు నుంచి మరో బారుకు నడుస్తూ, ఒక్కోచోట చిన్న గ్లాసు వైను తాగుతారు. ఖర్చంతా ఉమ్మడి సంచి నుంచి. నడక, చిన్న గ్లాసు ఉన్నందువల్ల డెబ్బై ఏళ్లవాళ్లూ ఆ వరసలో కొనసాగగలరు. జపానులో సిట్టింగు ఆఫీసుకు కట్టుబడింది, పై అధికారి ఉన్న బల్ల. పదవీ విరమణతో ఆ బల్ల కూడా పోతుంది. అక్కడి కుర్రవాళ్లకు ఆ ఆచారం మీద ఆసక్తి తగ్గి మద్యం పన్ను రాబడి పడిపోతుంటే, 2022లో జపాన్ జాతీయ పన్నుల సంస్థ 20–39 ఏళ్లవాళ్లను తాగేలా చేసే ఆలోచనలు పంపమని పోటీ పెట్టింది. ఖజానా అంత బాహాటంగా మాట్లాడటం మన దగ్గర ఇంకా జరగలేదు.

వయసా, తరమా

కాలంతో వచ్చిన మార్పును వయసుతో వచ్చిన మార్పుగా పొరబడటం తేలిక. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన 1992 నాటి స్త్రీల సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది, 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని సడలించింది. ఆ రెండేళ్లలో ఇరవై నిండిన కుర్రవాళ్ల మొదటి సిట్టింగు, కాకినాడ, అమలాపురం వైపు అయితే, పుదుచ్చేరి పాలనలోని యానాంలో జరిగింది. వాళ్లకు ఇప్పుడు యాభై. వాళ్ల బల్ల మీద విస్కీ, బ్రాందీలే ఉంటాయి. 2010 దశకం మధ్యలో హైదరాబాద్‌కు మైక్రో బ్రూవరీలు వచ్చాక ఉద్యోగాల్లో చేరిన తరం మగ్గుల్లో తాజా బీరుతో మొదలుపెట్టింది. ఈ తరం యాభైకి చేరేసరికి ఏం తాగుతుందో పాత తరాన్ని చూసి చెప్పలేం.

ఈ కొత్త తరం బల్లల దగ్గర ఆడవాళ్లూ కూర్చుంటున్నారు, నగరాల్లో, ముఖ్యంగా ఐటీ ఉద్యోగుల్లో. ఆడవాళ్ల ఒంట్లో నీటి పాలు తక్కువ కాబట్టి అదే పెగ్గు వాళ్లకు త్వరగా ఎక్కుతుంది, కాలేయానికి హానీ తక్కువ ఏళ్లలోనే జరుగుతుంది. అయితే వాళ్ల విషయంలో వయసు కన్నా పెళ్లి బలంగా పనిచేస్తుంది. పెళ్లయిన మగవాడు "అర్జెంటు పని" అని చెప్పి పాత బృందానికి వస్తాడు. పెళ్లయిన స్త్రీకి ఆ సాకు దొరకదు, గర్భం, పసిబిడ్డ కాలంలో వైద్యపరంగానూ మద్యం అసలు వద్దు. ఇరవై ఆరేళ్లప్పుడు ముగ్గురు అమ్మాయిలు, ముగ్గురు అబ్బాయిలుగా ఉన్న బృందం ముప్పై రెండుకు చేరేసరికి మగవాళ్ల బృందంగా మిగలడం ఇక్కడ మామూలు.